వామనగుంటల పీటతో జెమినిడ్స్ లెక్క: ఆగస్టు నుంచి జనవరి దాకా నా డైరీ

ఆగస్టు 13, 2023. హైదరాబాద్

నిన్న రాత్రి పెర్సీడ్స్ అనే ఉల్కల వాన కోసం మేడమీద చాప వేసుకుని పడుకున్నా. పన్నెండు నుంచి రెండున్నర దాకా. మబ్బు పడుతూ విడుస్తూ ఉంది. కనపడినవి మూడంటే మూడు. పొద్దున టీ తాగుతుంటే మా ఆవిడ "ఎన్ని చూశారు?" అంది. మూడన్నాను. అన్నాక నాకే తోచింది, ఈ మూడుకి అర్థం ఏముంది? ఎంతసేపట్లో మూడు? ఆకాశంలో ఎంత భాగం మబ్బు? ఎంత సన్న చుక్క దాకా కనపడింది? ఇవేవీ రాసుకోలేదు. పైగా ఒక్కోటి కనపడగానే ఫోన్ తీసి టైమ్ టైప్ చేశా. ఆ వెలుగు కంట్లో పడ్డాక కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పైనే పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో ఎన్ని పోయాయో.

అందుకే ఈ ప్రాజెక్టు. డిసెంబరులో వచ్చే ఉల్కల వాన జెమినిడ్స్‌ని పద్ధతిగా లెక్కపెట్టాలి. ఈ ఏడాది మనకు అన్నీ కలిసొచ్చాయి. ఉల్కలు ఎక్కువగా రాలే ఘడియ మన టైము ప్రకారం డిసెంబరు 14 అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర ప్రాంతం. అమావాస్య 13 తెల్లవారుజామున, కాబట్టి వెన్నెల బెడద లేదు. వానాకాలం అప్పటికి పోయి ఉంటుంది. అనుకూలమైన ఆకాశంలో గంటకు 150 దాకా వస్తాయని అంచనా.

బేగంపేటలో నిజామియా అబ్జర్వేటరీ పక్కగా పోయినప్పుడల్లా అనుకుంటా, ఖగోళ శాస్త్రవేత్త వేణు బప్పు కుర్రాడిగా ఆకాశం చూడటం నేర్చుకున్నది ఇక్కడే కదా అని. ఇప్పుడు మా మేడమీంచి పిల్లలకోడిలో, అదే కృత్తికల్లో, నాలుగు చుక్కలు కనపడితే గొప్ప. లెక్క ఇక్కడ కుదరదు. మా అమ్మ పుట్టింటికి, ఉరవకొండ వైపు పోవాలి.

అక్టోబరు 22. ఉరవకొండ దగ్గర మా మామ ఊరు

దసరా సెలవులకి వచ్చా. ఓరియనిడ్స్‌ని రిహార్సల్‌గా పెట్టుకున్నా. ఇవి హేలీ తోకచుక్క వదిలిన దుమ్ము, సెకనుకి 66 కిలోమీటర్ల వేగం. చంద్రుడు అర్ధరాత్రికల్లా కుంగిపోయాడు. రెండున్నర నుంచి నాలుగున్నర దాకా చూస్తే 19.

రెండు సంగతులు తేలాయి, ఒకటి చెడ్డది, ఒకటి మంచిది.

చెడ్డది కెమెరా. పాత కెనాన్ డీఎస్ఎల్ఆర్, దానితో వచ్చిన 18-55 లెన్స్, స్టాండు మీద పెట్టి 20 సెకన్లకో ఫోటో చొప్పున వదిలేశా. పొద్దున చూస్తే రెండుంపావు తర్వాతి ఫోటోలన్నీ పాలు కలిపినట్టు ఉన్నాయి. లెన్స్ మీద మంచు పట్టేసింది. అంతకుముందువి కూడా ఫోకస్ కాస్త జరిగిపోయి, చుక్కలు గింజల్లా లావుగా పడ్డాయి.

మంచిది లెక్కపెట్టే సాధనం. రాత్రి చీకట్లో కాగితం మీద గీతలు గీస్తే గీత మీద గీత పడుతోంది. ఫోన్‌లో గొంతు రికార్డు చేద్దామంటే తర్వాత అంతసేపూ కూర్చుని వినాలి. పొద్దున వసారాలో అవ్వ మా బావమరిది కూతురితో వామనగుంటలు ఆడుతోంది. అవ్వ కంటి ఆపరేషను అయినా దగ్గర చూపు అంతంతమాత్రం. అయినా చేత్తో తడుముతూనే ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో చెప్పేస్తోంది. చూస్తూ నిలబడిపోయా. నాక్కావలసింది అదే.

పీటకి వరసకి ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. ఒక్కో గుంట పావుగంట అనుకుంటే మొత్తం మూడున్నర గంటలు. చొక్కా జేబులో చింతగింజలు పోసుకుని, ఉల్క కనపడగానే ఆ పావుగంట గుంటలో ఒకటి వెయ్యాలి. ఫోన్‌ని దుప్పటి కింద బోర్లా పెట్టి పావుగంటకోసారి వణికేలా అలారం పెడితే చాలు, వేలు పక్క గుంటకి జరుగుతుంది. చూపు ఆకాశం మీంచి దిగనక్కర్లేదు. జెమినిడ్ కాని ఉల్కకు కుంకుడు గింజ. చింతగింజ పలకలుగా, అంచు తగిలేలా ఉంటుంది. కుంకుడు గింజ గోళీలా గుండ్రం. చేతికి ఇట్టే తెలుస్తుంది.

పీట అడిగితే అవ్వ ఇచ్చింది. "ఇరగ్గొట్టగాకు నాయనా, మాయమ్మ నాకు పెండ్లిలో ఇచ్చింది" అంది. పాత చీరలో చుట్టి తెచ్చుకున్నా.

అక్టోబరు 29. హైదరాబాద్

రాత్రి పాక్షిక చంద్రగ్రహణం. 1:05కి మొదలై 2:23 దాకా. చందమామ అంచు ఒక చోట కొరికినట్టు నల్లబడింది, అంతే. మేడమీదికి మా అపార్ట్‌మెంటు వాళ్లు నలుగురు వచ్చారు. ప్రాజెక్టుకి సంబంధం లేదు గానీ ఆ వంకలో గురుడి మీద కెమెరా ఫోకస్ సరిచేశా. తెర మీద పది రెట్లు పెద్దది చేసి చూసుకుంటూ, చుక్క అన్నిటికన్నా చిన్నగా అయిన చోట ఆపి, లెన్స్ రింగుకి తెల్ల టేపు అంటించేశా. ఇక కదలదు.

నవంబరు 5

లెన్స్ హీటరు కోఠిలో కొన్న సామానుతో తయారైంది. అర వాటు రెసిస్టర్లు, 100 ఓమ్‌లవి, ఎనిమిది. రెండు రాగి తీగల మధ్య నిచ్చెన మెట్లలా వరసగా సోల్డర్ చేశా. అన్నీ సమాంతరంగా ఉన్నాయి కాబట్టి మొత్తం పన్నెండున్నర ఓమ్‌లు. పవర్ బ్యాంకు 5 వోల్టులిస్తే 0.4 ఆంపియర్లు, అంటే 2 వాట్ల వేడి. ఒక్కో రెసిస్టరు మీద పడేది పావు వాటే కాబట్టి మాడిపోయే భయం లేదు. పాత సాక్సు పైభాగం కత్తిరించి, అందులో నిచ్చెనని కుట్టి, లెన్స్ మెడకి తొడిగా. చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, గాజుకి అంతకన్నా అక్కర్లేదు. గాలిలోని తేమ గాజు మీద నిలవకుండా, చుట్టూ ఉన్న గాలికన్నా రెండు మూడు డిగ్రీలు ఎక్కువుంటే చాలు.

ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసుకి తొడిగి చూశా. తొడిగిన మేర తడి పట్టలేదు, కింద సగం చెమటలు కారుతోంది. తృప్తిగా ఉంది.

నవంబరు 18

లియోనిడ్స్. మఖ నక్షత్రం దగ్గర్నుంచి వచ్చేవి. గంటన్నరలో 5. వేగం 71 కిలోమీటర్లు, కన్ను గీత పట్టేలోపు అయిపోతుంది. తూర్పున వేగుచుక్క ధగధగలాడుతోంది. నగరంలో ఇంతకన్నా ఆశపడకూడదు.

డిసెంబరు 6

నిన్న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోస్తాలో కోతకొచ్చిన వరి పోయిందని వార్తలు చూస్తుంటే ఉల్కల గురించి ఆలోచించబుద్ధి కాలేదు. మామకి ఫోన్ చేశా. "మా దిక్కు మోడం పట్టిండాది గానీ వాన పెద్దగా ల్యా. శనగకి ఏం గాల్యా" అన్నాడు. ఇంకా ఎనిమిది రోజులుంది.

డిసెంబరు 13. ఊరు

మబ్బు తేలిపోయింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది.

ఊళ్లో పంచాయతీ ఎల్ఈడీ దీపాలు ఇంటి మిద్దె దాకా కొడుతున్నాయి. అందుకని మామ శనగ చేను దగ్గరికి మకాం మార్చాం. ఊరికి రెండు కిలోమీటర్లు. జింకలు గుంపులుగా వచ్చి శనగ మేసి పోతాయని మామ ఎలాగూ రాత్రిపూట అక్కడే కాపలా ఉంటాడు. ఉత్తరాన గాలిమరల ఎర్ర దీపాలు వెలిగి ఆరుతుంటాయి, అటు వీపు పెట్టి పడుకుంటే సరిపోతుంది. వానలు పడితే వజ్రకరూరు చేలల్లో జనం తల వంచుకుని వజ్రాలు వెతుకుతారు. ఆ నేల పక్కనే నేను తల పైకెత్తి వెతుకుతున్నా.

మామకి చుక్కలు తెలుసని నాకు ఇన్నేళ్లూ తెలియదు. నేను కెమెరా సర్దుతుంటే మంచె మీంచి అన్నాడు, "పిల్లలకోడి నెత్తి మీదికొచ్చె. పదిన్నరయింటాదిలే." ఫోన్ చూశా. 10:36. వాచీ పెట్టుకోడు ఆయన. గొల్లకావడి, అదే ఓరియన్ నడుములోని మూడు చుక్కలు, ఎక్కడుంటే ఎంత రాత్రి అయినట్టో, ఏ నెలలో ఎంత తేడా వస్తుందో అన్నీ చెప్పుకొచ్చాడు. నలభై ఏళ్ల కాపలా.

పిల్లలకోడిలో ఇక్కడ ఏడు లెక్కపెట్టా, కాస్త ఓరచూపుతో చూస్తే ఇంకో రెండు. ఏ ప్రకాశం దాకా చుక్కలు కనపడుతున్నాయో తేల్చడానికి పద్ధతి వేరే ఉంది. మిథునంలో నిర్ణయించిన త్రిభుజం లోపల చుక్కలు లెక్కపెట్టి పట్టికతో పోల్చాలి. నాకు 6.0 వచ్చింది. పోలికకి ప్రమాణంగా తీసుకునే ఆకాశానికి 6.5. అంకె పెరిగేకొద్దీ ఇంకా సన్న చుక్కలు కనపడుతున్నట్టు.

ఈ రాత్రి రిహార్సలే అయినా లెక్క రాసుకున్నా. పన్నెండున్నర నుంచి ఒకటిన్నర దాకా: 33.

డిసెంబరు 15, పొద్దున పది గంటలు

నిద్ర పట్టట్లేదు. మర్చిపోకముందే రాసేస్తా.

నిన్న సాయంత్రం చీకటి పడగానే చేనికి చేరాం. నేను, మామ, బావమరిది కూతురు. ఆ పిల్ల ఏడో తరగతి, పొద్దున బడికి పోవాలి. అయినా పట్టుబట్టి వచ్చింది. ఒక షరతు పెట్టా: కనపడినప్పుడు అరవకూడదు, ఎవరి లెక్క వాళ్లదే. ఒకరు "అదో" అంటే రెండోవాళ్లు తిరిగి చూస్తారు, తాము చూడనిదాన్ని కలిపేసుకుంటారు, లెక్క చెడుతుంది. ఆమెకి స్టీలు గ్లాసు, సంచెడు గింజలు ఇచ్చా.

ఎనిమిది గంటలప్పుడు మొదటిది. పునర్వసు అప్పుడే తూర్పున నేల అంచు వదిలింది. కాస్టర్, పోలక్స్ అని ఇంగ్లీషువాళ్లు పిలిచే జంట అదే, జెమినిడ్స్ అన్నీ ఆ పక్కనుంచే చిమ్ముకొస్తున్నట్టు కనపడతాయి. అది అంత కిందుగా ఉన్నప్పుడు వచ్చే ఉల్క గాలి పొరని ఏటవాలుగా, పైపైన రాసుకుంటూ పోతుంది. ఈ మొదటిది తూర్పున పుట్టి, తల మీదుగా, పడమట కొస దాకా నింపాదిగా పోయింది. మూడు నాలుగు సెకన్లు. నేను చూసిన ఉల్కల్లో అంత పొడవైనది లేదు. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది, షరతు తప్పలేదు.

తొమ్మిది నుంచి పది: 24.

పదకొండున్నరకి పీట పక్కన పెట్టుకుని అసలు లెక్క మొదలుపెట్టా. చాప, దాని మీద గొంగడి, మీద ఇంకో గొంగడి. శనగాకు మీద మంచు పులుపుగా ఉంటుంది. చేలో నడిచొచ్చిన మా బట్టల అంచులన్నీ ఆ పుల్లటి వాసనే. ఎడమ చెయ్యి జేబులో, కుడి చెయ్యి పీట మీద.

మొదటి నాలుగు గుంటలు: 13, 17, 14, 18.

జెమినిడ్ అవునో కాదో తేల్చుకోవడం మొదట్లో తడబాటు, తర్వాత అలవాటైంది. గీతని వెనక్కి పొడిగిస్తే పునర్వసు దగ్గరికి పోవాలి. వేగం కూడా చెబుతుంది. ఇవి సెకనుకి 35 కిలోమీటర్లే, లియోనిడ్స్‌లో సగం. కన్ను వెంట పోవడానికి వీలుంటుంది. కొన్ని పసుపు రంగులో, ఒకటి రెండు పచ్చగా. తోకచుక్కల దుమ్ములా వెనక పొగచార వదిలేవి తక్కువ. వీటి తల్లి తోకచుక్కలా కనపడదు. 1983లో ఐరాస్ (IRAS) అనే ఉపగ్రహం కనిపెట్టిన 3200 ఫేథాన్ అనే రాతి గ్రహశకలం అది. 524 రోజులకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తుంది, బుధుడికన్నా బాగా లోపలికి, సూర్యుడికి రెండు కోట్ల కిలోమీటర్ల దగ్గరికి పోయి కాలి వస్తుంది. దాన్నుంచి రాలిన ముక్కలు గట్టివి. వాటిలో చాలావరకు ఇసుక రేణువులు, బాగా వెలిగేవి మేము పడుకున్న చేలోని శనగగింజంత ఉంటాయేమో.

పన్నెండున్నర నుంచి ఒకటిన్నర, అంటే అయిదు నుంచి ఎనిమిదో గుంట దాకా: 16, 21, 14, 23. మొత్తం 74.

ఎనిమిదో గుంటలో గింజలు పోగుపడి, వేలితో లోపలికి నొక్కాల్సి వచ్చింది. అంతకుముందు ఒక దశలో రెండు సెకన్లలో మూడు రాలాయి. వెంటనే నాలుగు నిమిషాలు ఏమీ లేదు. "గుంపుగా ఎందుకొస్తాయి మామా, ఒకదాని ఎనకాల ఒకటి రావొచ్చు గదా?" అని గుసగుసగా అడిగింది పిల్ల. రేకుల షెడ్డు మీద తొలి చినుకులు ఎట్లా పడతాయో గుర్తుచేసుకోమన్నా. టప్‌టప్‌మని రెండు, కాసేపు ఊరుకుని ఒకటి, మళ్లీ నాలుగు. ఏ చినుకూ ఇంకో దాన్ని అడిగి రాదు, అందుకే గుంపులూ వస్తాయి, ఖాళీలూ వస్తాయి. ఆ ఖాళీల్లోనే నిద్ర ముంచుకొస్తుంది. సున్నా కూడా లెక్కే కాబట్టి కళ్లు మూయకూడదు.

రెండున్నరకి కాస్త ముందు మామ జింకల అలికిడికి లేచి డబ్బా వాయించాడు. నేను ఉలిక్కిపడి గొంగడి లాక్కున్నా. దాని అంచు తగిలి పదకొండో గుంట గింజలు పన్నెండో గుంటలోకి పొర్లాయి. గుండె ఆగినంత పనైంది. తడిమి చూస్తే నేల మీద ఏమీ పడలేదు. ఆ రెండు గుంటలూ కలిపి అరగంటకి 39 అని రాశా. విడి లెక్క పోయింది, మొత్తం మిగిలింది. ముందువి రెండు 19, 22. తర్వాతివి 20, 17.

పద్నాలుగు గుంటలకి 253 చింతగింజలు, 31 కుంకుడు గింజలు. పిల్ల ఒంటిగంటకి నిద్రపోయింది. అప్పటికి ఆమె గ్లాసులో 58.

పొద్దున ఇంటికి రాగానే అవ్వ ముందు పీట అడిగింది, తర్వాత లెక్క. చెప్పా. చుక్క రాలితే ఎవరో పుణ్యాత్ముడు పోయినాడని చిన్నప్పుడు నాకు చెప్పింది ఆమే. కాసేపు ఊరుకుని, "నేనూ చూసినానప్పా, మిద్దె మీంచి. పెద్దోటివి తొమ్మిది" అంది. చలిలో ఎంతసేపు కూర్చుందో. తొమ్మిది గింజలు కొంగున కట్టుకుని ఉంది, విప్పి నా చేతిలో పోసింది.

డిసెంబరు 16

నిన్న రాత్రి మళ్లీ అదే గంట: 14. ముందు రోజు 74, ఇప్పుడు 14. జెమినిడ్స్ నెమ్మదిగా పెరిగి చటుక్కున పడిపోతాయని చదివా. పీట మీద చూశాక నమ్మకం కుదిరింది. తక్కువే గానీ వచ్చినవాటిలో పెద్దవే ఎక్కువ.

డిసెంబరు 24. హైదరాబాద్

లెక్కలు వేశా. నేను చూసిన 74ని ఎవరు ఎక్కడినుంచి చూసినా పోల్చగలిగే సంఖ్యగా మార్చాలి. అంటే పునర్వసు సరిగ్గా నడినెత్తిన ఉండి, 6.5 ప్రకాశం దాకా చుక్కలు కనపడే ఆకాశమైతే ఎన్ని వచ్చేవి అన్నది. ఒంటిగంటకి మా దగ్గర పునర్వసు పక్కన, ఉల్కలు చిమ్ముకొచ్చే ఆ కేంద్రం 65 డిగ్రీల ఎత్తున ఉంది. దాని సైను 0.9063. నా ఆకాశం 6.0 కాబట్టి అర ప్రకాశం తక్కువ. ఒక్కో ప్రకాశం సన్నబడేకొద్దీ ఉల్కలు ఎన్ని రెట్లు పెరుగుతాయో చెప్పే గుణకం జెమినిడ్స్‌కి 2.6 అని వాడతారు, దాని అర ఘాతం, అంటే వర్గమూలం, 1.61. 74ని 1.61తో హెచ్చించి 0.9063తో భాగిస్తే 131. లెక్కలో పొరపాటుకి అవకాశం 74కి దాని వర్గమూలం మేర, అంటే 8.6. దాన్నీ అలాగే హెచ్చించి భాగిస్తే 131కి అటూ ఇటూ 15.

13 రాత్రి ఇలాగే 59, 15 రాత్రి 25. ఈ మూడు సంఖ్యలు వరసగా కాగితం మీద పెట్టుకుని చాలాసేపు చూశా. ఒక రాతి తునకల ప్రవాహాన్ని భూమి అడ్డంగా దాటిపోయింది, దాని మందం శనగ చేలో పడుకున్న మనిషికి చింతగింజల్లో తెలిసింది. అంతర్జాతీయ ఉల్కా సంస్థ, ఐఎంఓ, 1988 నుంచి ఇలాంటి లెక్కలు సేకరిస్తోంది. వాళ్ల ఫారంలో నావి నింపి పంపా, గింజలు పొర్లిన అరగంటతో సహా. అవ్వవి పంపలేదు. ఎంతసేపు చూసిందో ఆమెకి గుర్తులేదు. వాటిని ఈ డైరీలో రాసుకున్నా.

కెమెరా సంగతి. పది నుంచి నాలుగున్నర దాకా దాదాపు 1,100 ఫోటోలు. హీటరు చివరి దాకా పనిచేసింది, ఒక్క ఫోటో మసకబారలేదు. బ్యాటరీ మార్చిన రెండుసార్లూ కలిపి నాలుగైదు నిమిషాలు పోయాయి. ఫోటోలన్నీ ఒక్కొక్కటి తిప్పి చూడటానికి నాలుగు రోజులు పట్టింది. గీత వరస ఫోటోల్లో కొనసాగితే ఉపగ్రహమో విమానమో. ఒక్కదాంట్లోనే ఉండి, రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా ఉంటే ఉల్క. అలాంటివి 26 దొరికాయి. కంటికి 253, కెమెరాకి 26. ఇంకా వెడల్పు లెన్స్ ఉంటే పెరిగేవి గానీ ఈసారికి కొనను. ఒక ఫోటోలో గొల్లకావడి పక్కగా పచ్చగా మొదలై తెల్లగా ముగిసిన గీత ఉంది. ప్రింటు తీయించి అవ్వకి పంపా.

జనవరి 4, 2024

క్వాడ్రాంటిడ్స్. ముఖ్య ఘడియ మనకు పగలు రెండున్నర ప్రాంతంలో పడింది, పైగా సగం చంద్రుడు. తెల్లవారుజామున మేడమీద గంటన్నరకి 4. రాసుకున్నా.

ఏప్రిల్ లిరిడ్స్‌ని పౌర్ణమి మింగేస్తుంది. మే మొదటి వారంలో ఈటా అక్వేరిడ్స్ మాత్రం అమావాస్య దగ్గర వస్తున్నాయి. మళ్లీ హేలీ దుమ్మే. అవి చిమ్ముకొచ్చే కుంభరాశి ఐరోపా వాళ్లకన్నా మనకు ఎత్తుగా వస్తుంది కాబట్టి మన దగ్గర్నుంచి లెక్క పంపితే విలువ ఎక్కువ. మామకి ఫోన్ చేసి తారీకు చెప్పా.

"అప్పుటికి శేను ఖాళీనే గదా అల్లుడూ. మంచాలేసి పెడతా" అన్నాడు. పక్కనుంచి పిల్ల, తనకీ ఒక పీట కావాలంది. ఉరవకొండ సంతలో దొరుకుతుందేమో చూడమన్నా.